సెయింట్ మేరీస్ చర్చిలో చూడవలసింది గోడలు కాదు, కప్పు

మీ ప్రశ్న రెండు ముక్కల్లో ఇది. చెన్నై సెయింట్ జార్జి కోట లోపలి సెయింట్ మేరీస్ చర్చికి కుటుంబంతో వెళ్లారు. ఎంతో గొప్పగా విన్నారు గానీ, తీరా చూస్తే గోదాములాగా ఉంది, చెక్కడాలు లేవు, శాంథోమ్ చర్చి ముందు ఇది ఏపాటిది అనిపించింది. ఇందులో నిజంగా నిర్మాణ విశేషం ఏమైనా ఉందా, లేక పాతది కాబట్టి గౌరవమా అన్నది మొదటి ముక్క. మీ ఊళ్లో కూడా పూర్వకాలపు సున్నపు గోడల చర్చి ఒకటి ఉంది, గోడలు చెమ్మ పట్టాయి, కమిటీవారు సిమెంటు పూత వేయిద్దామంటున్నారు, వేయించవచ్చా అన్నది రెండో ముక్క.

సూటిగా చెబుతాను. మొదటిదానికి: విశేషం ఉంది, అది మీ తలమీదే ఉంది, మీరు చూడకుండా వచ్చేశారు. రెండోదానికి: వేయించవద్దు.

నేను చెన్నైలో సివిల్ ఇంజనీరుగా ముప్ఫై ఏళ్లకు పైగా పనిచేశాను. అందులో సగం కాలం పాత కట్టడాల మరమ్మతులతోనే గడిచింది. ఈ చర్చికి ఎన్నిసార్లు వెళ్లానో లెక్కలేదు. కుర్ర ఇంజనీర్లను వెంటబెట్టుకు వెళ్లినప్పుడల్లా ఒకే పరీక్ష పెట్టేవాణ్ణి: "ఈ కప్పులో దూలం ఎక్కడుందో చూపించండి." పది నిమిషాలు మెడలు నొప్పి పుట్టేదాకా వెతికేవారు. దూలం ఉండదు. కప్పులో ఎక్కడా కర్రముక్క లేదు.

మీరు "గోదాములాగా ఉంది" అన్నారే, ఆ మాట సరైనదే. యుద్ధాల కాలంలో ఈ చర్చిని నిజంగానే సరుకు దాచుకునే చోటుగా వాడుకున్నారు. కోటలో అంతకంటే భద్రమైన చోటు లేదు. దాన్ని చర్చిగా చూస్తే బోసిగా కనిపిస్తుంది. కోటలో భాగంగా చూడండి, అప్పుడు ప్రతి గోడకూ ఒక కారణం కనిపిస్తుంది.

కొంచెం వెనక్కి వెళదాం. 1639లో ఈ ఇసుక తీరాన్ని ఈస్టిండియా కంపెనీ ఏజెంటు ఫ్రాన్సిస్ డేకి ఇచ్చినవారు మన దామెర్ల వెంకటప్ప నాయకుడు. ఆయన తండ్రి చెన్నప్ప నాయకుడి పేరు మీదే చెన్నపట్నం ఏర్పడింది. కోట మొదటి భాగం 1640 ఏప్రిల్ 23న, సెయింట్ జార్జి పండుగ నాటికి పూర్తయిందని, ఆ పేరే కోటకు పెట్టారని చెబుతారు. ఆ తరువాత దాదాపు నలభై ఏళ్లు కోటలోని ఇంగ్లీషువారికి సొంత చర్చి లేదు. ఆరాధన కంపెనీ భవనంలోని గదుల్లోనే సాగేది. కోట లోపల కపూచిన్ సన్యాసుల కథోలిక చర్చి మాత్రం ఉండేది. అది ఇప్పుడు లేదు. ఫ్రెంచివారు మద్రాసును తిరిగి అప్పగించాక, కొత్తగా వచ్చిన ఇంగ్లీషు అధికారులు, ఆ సన్యాసులు ఫ్రెంచివారికి సాయపడ్డారన్న అనుమానంతో దాన్ని కూలగొట్టించారు.

చివరికి స్ట్రెయిన్‌షామ్ మాస్టర్ అనే గవర్నరు కంపెనీ అనుమతి కోసం ఎదురుచూడకుండా కోటలోని ఉద్యోగుల దగ్గర చందాలు పోగుచేసి పని మొదలుపెట్టాడు. 1678 మార్చి 25న శంకుస్థాపన జరిగింది. అది మరియమ్మకు దేవదూత శుభవార్త చెప్పిన పండుగ రోజు కాబట్టి చర్చికి ఆమె పేరు వచ్చింది. కోటకూ చర్చికీ రెండింటికీ పేర్లు పంచాంగమే పెట్టిందన్నమాట. 1680 అక్టోబరు 28న ప్రతిష్ఠ జరిగింది. అది జరిగిన వారం రోజులకే, నవంబరు 4న, మొదటి పెళ్లి. వరుడు ఎలిహు యేల్. తరువాత మద్రాసు గవర్నరయ్యాడు, అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయానికి పేరు ఇచ్చింది ఈయనే. వధువు క్యాథరిన్ హిన్మర్స్, అప్పటికే వితంతువు. 1753లో రాబర్ట్ క్లైవ్ పెళ్లి కూడా ఇక్కడే జరిగింది. గైడ్లు ఈ రెండు పెళ్లిళ్ల గురించే అరగంట చెబుతారు కాబట్టి నేను ఇక్కడితో ఆపుతాను.

ఇప్పుడు అసలు విషయం.

కప్పు. ఈ చర్చి నమూనా గీసింది ఎవరో రికార్డుల్లో స్పష్టంగా లేదు. కోట ఫిరంగుల విభాగానికి పెద్దగా ఉన్న ఎడ్వర్డ్ ఫౌల్ అయి ఉంటాడని చరిత్రకారులు ఎక్కువమంది భావిస్తారు. కట్టడాన్ని చూస్తే నాకూ అలాగే తోస్తుంది. ఇది అలంకారం తెలిసిన మనిషి గీసిన గీత కాదు, ఫిరంగి గుండు ఎక్కడ పడుతుందో లెక్కవేసుకున్న మనిషి గీసిన గీత.

లోపల మూడు సాలలు ఉంటాయి. మధ్యది వెడల్పైనది, పక్కవి రెండూ ఇరుకు. ఒక్కొక్కదాని మీద ఒక్కొక్క ఇటుక కమాను కప్పు పొడవునా నడుస్తుంది. మూడు గూడుబండ్లను పక్కపక్కన నిలిపారనుకోండి, ఆ గూళ్లు ఎలా కనిపిస్తాయో అలాగే. కప్పు మందం 2 అడుగులు. మధ్య సాలను పక్క సాలల నుంచి విడదీసే గోడలు 3 అడుగులు, బయటి గోడలు 4 అడుగులు. ఇదంతా 80 అడుగుల పొడవు, 56 అడుగుల వెడల్పు ఉన్న చిన్న కట్టడంలో. ఈ కొలతలు చెప్పగానే ఎవరైనా "అబ్బో, ఎంత గట్టి గోడలో" అంటారు. అంతటితో ఆగితే మందం కనిపిస్తుంది గానీ, దాని వెనకున్న తెలివి కనిపించదు.

చదును కప్పు బరువు నేరుగా కిందికి దిగుతుంది. కమాను కప్పు అలా కాదు. కాళ్లు ఎడంగా పెట్టి నిలబడ్డ మనిషి భుజాల మీద ధాన్యం బస్తా వేస్తే కాళ్లు ఇంకా పక్కలకు జారతాయి చూడండి, కమాను కాళ్లూ అంతే. తన బరువుతోనే గోడలను బయటికి తోస్తుంది. పాతకాలపు మేస్త్రీలు "కమాను నిద్రపోదు" అనేవారు, ఆ తోపుడు రాత్రింబవళ్లు ఉంటుంది కాబట్టి. ఇక్కడ మధ్య కమాను రెండువైపులా బయటికి తోస్తే, పక్క కమాన్లు లోపలికి ఎదురు తోస్తాయి. మధ్య గోడల దగ్గర ఈ రెండు తోపుళ్లూ చాలావరకు ఒకదానికొకటి చెల్లు. అందుకే అక్కడ 3 అడుగులతో సరిపోయింది. చివరి గోడకు అవతల ఎదురు తోసేవాడు ఎవరూ లేడు. అందుకే అది 4 అడుగులు. కంప్యూటర్ లేదు, లెక్కల పుస్తకం లేదు. ఆ ఒక్క అడుగు తేడాలో ఆ మనిషి అనుభవమంతా ఉంది. నేను కుర్రవాళ్లకు చూపించేది ఆ అడుగునే.

మరి ఇంత బరువైన కప్పు ఎందుకు? ఆ రోజుల్లో మద్రాసు ఇళ్లకు మిద్దె కప్పులు. టేకు దూలాలు వేసి, వాటి మీద సన్నటి ఇటుకలను అంచుమీద నిలబెట్టి ఏటవాలుగా పేర్చి, పైన సున్నం, ఇటుక ముక్కలు కలిపి దిమ్మిస చేసేవారు. మన కోస్తా జిల్లాల్లో పాత పెద్దిళ్లు చూసినవారికి ఇది తెలిసినదే. మంచి కప్పు, చల్లగా ఉంటుంది. కానీ దానికి శత్రువులు ముగ్గురు: చెదలు, నిప్పు, పైనుంచి పడే గుండు. ముట్టడిలో గోడను గురిచూసి కొట్టే ఫిరంగి ఒకటైతే, ఆకాశంలోకి ఎత్తుగా విసిరి నెత్తిన పడవేసే మోర్టారు ఇంకొకటి. దూలం విరిగితే మిద్దె మొత్తం దిగిపోతుంది. ఇటుక కమానులో విరగడానికి దూలమే లేదు, కాలడానికి కర్రే లేదు. ఒకచోట నాలుగు ఇటుకలు రాలినా మిగతా వంపు నిలబడి ఉంటుంది. బంగాళాఖాతం తుపానులకూ ఇదే సమాధానం.

ఈ కప్పుకు పరీక్ష వచ్చింది కూడా. 1746లో ఫ్రెంచివారు మద్రాసును పట్టుకుని 1749 దాకా ఉంచుకున్నారు. మళ్లీ 1758 డిసెంబరులో ఫ్రెంచి సేనాని లాలీ వచ్చి 1759 ఫిబ్రవరి దాకా, రెండు నెలలకు పైగా ముట్టడించాడు. కోటలో ఇళ్లు చాలా దెబ్బతిన్నాయి. చర్చి నిలబడింది. శిఖరం మాత్రం ఆ యుద్ధాల పాలైంది. గంటల గోపురం 1701 నాటిది, దాని మీద మొదటి శిఖరం 1710 నాటిది. మీరిప్పుడు చూసే సన్నటి శిఖరం 1795లో కొత్తగా కట్టినది. ఫోటోల్లో అందరూ తీసేది దాన్నే, అసలు చర్చి కంటే నూరేళ్లకు పైగా చిన్నదాన్ని! అందుకే నా అభిప్రాయంలో గోపురానికి వీపు పెట్టి చూస్తేనే ఈ చర్చి అర్థమవుతుంది.

శాంథోమ్‌తో పోల్చారు. పోలిక కుదరదండీ. ఇప్పుడున్న శాంథోమ్ కట్టడం 1890లలో లేచినది, గోతిక్ బాణీ, ఎత్తుకోసమే పుట్టిన బాణీ. పోల్చాలనుకుంటే ఎగ్మూరు దగ్గరి సెయింట్ ఆండ్రూస్ కిర్క్‌తో, అంటే స్కాట్లండువారి చర్చితో పోల్చండి. 1821లో థామస్ డి హావిలాండ్ కట్టాడు. అక్కడ నేల మెత్తన, నీరు పట్టే మట్టి. పునాది కోసం అడుగున బావులు దింపి వాటి మీద చర్చిని నిలబెట్టాడు. ఆ బావుల పునాది పని మన మేస్త్రీలకు ముందునుంచీ తెలిసిన విద్యే. పైన ఇటుకతో గుండ్రటి గుమ్మటం, అందులోనూ కర్ర లేదు. సెయింట్ మేరీస్‌లో కప్పు బాంబుకు భయపడి కట్టినది, కిర్క్‌లో కప్పు అందం కోసం కట్టినది. ఒకే ఊళ్లో, నూట నలభై ఏళ్ల ఎడంతో, ఇటుకా సున్నంతోనే ఈ రెండు పనులూ జరిగాయి. ఒకే రోజు రెండూ చూడండి. కారులో ఇరవై నిమిషాల దూరం.

తల దించి నేల కూడా చూడండి. చర్చి ఆవరణలో నడిచేటప్పుడు మీ కాళ్ల కింద పరిచి ఉన్నవి సమాధి రాళ్లు. నూరుకు పైగా ఉంటాయి. చాలామంది "ఇంతమందిని ఇక్కడే పాతిపెట్టారా" అని పక్కకు తప్పుకుని నడుస్తారు. ఆ రాళ్ల కింద ఎవరూ లేరు. పాత శ్మశానం కోట బయట, పాత లా కాలేజీ కట్టడం ఉన్న వైపు ఉండేది. అక్కడ ఎత్తైన సమాధులు కట్టుకున్నారు. లాలీ ముట్టడిలో ఫ్రెంచి సైనికులు ఆ సమాధులనే చాటు చేసుకుని కోట మీద కాల్పులు జరిపారు. ముట్టడి తీరాక ఇంగ్లీషువారు ఆ కట్టడాలను పడగొట్టి, పేర్లు చెక్కిన రాళ్లను మాత్రం తెచ్చి చర్చి చుట్టూ పరిచారు. ఒకటి రెండు మినహాయింపులు అక్కడే ఉండిపోయాయి. యేల్ కొడుకు డేవిడ్, క్యాథరిన్ మొదటి భర్త జోసెఫ్ హిన్మర్స్, వీళ్ల సమాధి ఆ పాత లా కాలేజీ ఆవరణలోనే మిగిలిపోయింది. చర్చి చుట్టూ పరిచిన రాళ్లలో ఎలిజబెత్ బేకర్ అనే ఆమెది 1652 నాటిది. చర్చి కంటే పాతది. భారతదేశంలో దొరికిన ఇంగ్లీషువారి సమాధి శాసనాల్లో అతి పాతవాటిలో ఒకటిగా దాన్ని లెక్కిస్తారు.

చర్చి లోపల మాత్రం నిజమైన సమాధులు ఉన్నాయి. లాలీ ముట్టడిని ఎదిరించి కోటను కాపాడిన గవర్నరు జార్జి పిగట్. అదే పిగట్‌ను రెండోసారి గవర్నరుగా వచ్చినప్పుడు 1776లో సొంత కౌన్సిలువారే పదవి నుంచి దించి నిర్బంధించారు. నిర్బంధంలోనే 1777లో చనిపోయాడు. ఆయన రాయి మీద పేరు లేదు, "జ్ఞాపకార్థం" అనే అర్థం వచ్చే లాటిన్ మాట మాత్రం ఉంది. గోడల మీది పాలరాతి శిల్పాల్లో ఫ్లాక్స్‌మన్ చెక్కిన జోసయ్యా వెబ్ స్మారకం, బేకన్ చెక్కిన మిషనరీ ష్వార్ట్జ్ స్మారకం తీరిగ్గా చూడదగినవి. చెక్కడాలు లేవన్నారు గదా. గోడలకు లేవు, ఈ పాలరాళ్లలో ఉన్నాయి.

ఇక మన వైపు వారు తప్పకుండా వెతకవలసిన రాయి థామస్ మన్రోది. రాయలసీమవారికి ఈ పేరు చెప్పనక్కర్లేదు. 1800 నుంచి 1807 దాకా దత్తమండలాల కలెక్టరు, రైత్వారీ పద్ధతిని ఊరూరా తిరిగి నిలబెట్టినవాడు. మంత్రాలయం కథలోనూ ఆయన కనిపిస్తాడు. తరువాత మద్రాసు గవర్నరయ్యాడు. ఇంగ్లండు తిరిగి వెళ్లిపోయే ముందు పాత జిల్లాలను ఒకసారి చూసి వద్దామని బయలుదేరి, 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో చనిపోయాడు. గుత్తి కోట కింద ఉన్న ఇంగ్లీషు శ్మశానంలో పాతిపెట్టారు. 1831లో అవశేషాలను అక్కడినుంచి తీసి మద్రాసుకు తెచ్చి ఈ చర్చిలో ఉంచారు. గుత్తిలో ఉన్నది ఖాళీ సమాధి. ఒకసారి గుత్తి నుంచి వచ్చిన ఒక పెద్దాయన నాతో పాటు ఈ చర్చి చూశారు. రాయి దగ్గర చాలాసేపు నిలబడి, "మా ఊళ్లో రాయి ఇంకా తుడుస్తూనే ఉన్నాంగా, లోపల మనిషి ఇక్కడున్నాడన్నమాట" అన్నారు. నాకు ఆ మాటతో దత్తమండలాలకూ ఈ కోటకూ ఉన్న సంబంధమంతా ఒక్కసారి కళ్లముందుకు వచ్చింది.

బాప్తిస్మపు తొట్టి కూడా మరిచిపోవద్దు. నల్లరాయి. మద్రాసు శివారు పల్లావరం కొండ రాయి. కలకత్తా చరిత్రలో మొదటి పేరుగా చెప్పే జాబ్ చార్నాక్ తన ముగ్గురు కూతుళ్లకు 1689లో ఈ చర్చిలోనే బాప్తిస్మం ఇప్పించాడు. ఆ చార్నాక్ చనిపోయాక కలకత్తాలో ఆయన సమాధి మీద పరిచిన రాయి కూడా ఈ మద్రాసు కొండల జాతిదే. రెండు వందల ఏళ్ల తరువాత థామస్ హాలండ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఈ రాతికి పేరు పెట్టవలసి వచ్చి, ఆ సమాధిని తలుచుకుని చార్నొకైట్ అన్నాడు. మన కొండపల్లి కొండల్లోనూ ఈ రాయి ఉంది. ఇంజనీరుకు ఇలాంటివి దొరికితే ఆగడు, క్షమించండి.

జాగ్రత్తగా వినవలసిన మాటలు కొన్ని ఉన్నాయి. "చెన్నైలో అతి పాత చర్చి" అని ఎవరైనా అంటే నమ్మకండి. పోర్చుగీసువారి లజ్ చర్చి వంటివి దీనికంటే ముందరివి. ఇది భారతదేశంలో నిలిచి ఉన్న ఆంగ్లికన్, అంటే ఇంగ్లండు సభ చర్చిల్లో అతి పాతది, ఆ మాట సరైనది. బలిపీఠం మీది ప్రభురాత్రి భోజనం చిత్రం ఇటలీ చిత్రకారుడు రఫాయెల్ శిష్యుల చేతి పని అంటారు. 1761లో పుదుచ్చేరి నుంచి యుద్ధం కొల్లగా వచ్చిందని అనాదిగా చెబుతున్నారు. కొల్ల మాట వినడానికి ఇబ్బందిగా ఉన్నా నాకు నమ్మకమే కలుగుతుంది. రఫాయెల్ మాట మాత్రం నేనైతే ఎక్కడా సంతకం పెట్టి చెప్పను. ఇక "పేరిష్", అంటే ఒక చర్చికి చెందిన సభ, అనే మాటను కట్టడం వరకే పరిమితం చేయకండి. ఈ చర్చి సభవారు 1715లో పేదపిల్లల కోసం ఒక బడి పెట్టారు. అది పెరిగి పెరిగి నేటికీ సెయింట్ జార్జి పాఠశాలగా నడుస్తోంది. 1680 నుంచి రాసుకున్న పెళ్లిళ్ల, బాప్తిస్మాల, మరణాల పుస్తకాలు మద్రాసు చరిత్ర రాసేవారికి నిధి. నా దృష్టిలో ఈ వారసత్వం కప్పు తరువాత రెండో స్థానంలో ఉంటుంది, గోపురం మూడోది.

మళ్లీ వెళితే ఒక మాట. కోటలో సచివాలయం ఉంది కాబట్టి గేటు దగ్గర తనిఖీ ఉంటుంది, గుర్తింపు కార్డు తీసుకెళ్లండి. పక్కనే ఉన్న కోట మ్యూజియం శుక్రవారం మూస్తారు.

ఇప్పుడు మీ ఊరి చర్చి.

సున్నపు గోడకు సిమెంటు పూత వద్దని ఎందుకు అంటున్నానో చెబుతాను. పాత ఇటుక గోడ నేలలోని తడిని కొంచెం కొంచెం పైకి పీలుస్తుంది. సున్నపు పూత ఆ తడిని గాలిలోకి వదిలేస్తుంది. వానాకాలం తడుస్తుంది, వేసవిలో ఆరుతుంది. మూడు వందల ఏళ్లు అలాగే నడుస్తుంది. సిమెంటు పూత బయటినుంచి తలుపు గడియ పెట్టినట్టే. తడి లోపల చిక్కుకుని ఇంకా పైకి ఎక్కుతుంది. దానితో పాటు ఎక్కిన ఉప్పు ఇటుకల ముఖం మీద పొడి పొడిగా పేరుకుంటుంది. రెండు మూడేళ్లు గోడ కొత్త పెళ్లికొడుకులా మెరుస్తుంది. ఆ తరువాత పూత పెద్ద పెద్ద పెచ్చులుగా ఊడుతుంది, ఊడేటప్పుడు ఇటుక ముఖాన్ని కూడా పట్టుకుని ఊడుతుంది. సిమెంటు గట్టిది, వెనకాల ఇటుక మెత్తనిది. బలవంతుడితో స్నేహం మెత్తనివాడికే నష్టం.

కోస్తాలో ఒక ఊరి చర్చికి నేను ఆలస్యంగా పిలుపు అందుకున్నాను. పేరు చెప్పను. భక్తితో, చందాలతో, మంచి ఉద్దేశంతోనే లోపలా బయటా సిమెంటు పూసి, కింద నడుము ఎత్తు దాకా టైల్సు కూడా అంటించారు. నేను వెళ్లేసరికి చెమ్మ టైల్సు దాటి కిటికీల ఎత్తుకు ఎక్కింది. టైల్సు వెనక ఇటుకను వేలితో గీస్తే రాలుతోంది. పూత తీయించడానికే పూత ఖర్చుకు రెట్టింపు అయింది. బాధ కలిగించిన విషయం ఏమిటంటే, కింద ఎక్కడో పాత నున్నటి సున్నపు పని ఇంకా బతికే ఉంది. మద్రాసు సున్నమని ఒకప్పుడు దూరదేశాల వారు కూడా పొగిడిన రకం పని అది. గుల్ల సున్నాన్ని కాల్చి, చల్లార్చి, మెత్తగా నూరి, గుడ్డు తెల్లసొన, పెరుగు, నెయ్యి కలిపి గోడకు పూసి, నున్నటి రాతితో రోజుల తరబడి రుద్దేవారు. చూసినవారు పాలరాయి అనుకునేవారు. ఆ పూత మీద సిమెంటు అంటడానికి గొడ్డలితో గాట్లు పెట్టారు.

కాబట్టి మీ కమిటీవారికి చెప్పవలసిన వరుస ఇది. పూత గురించి ఆలోచించే ముందు నీటి గురించి ఆలోచించాలి. కప్పు మీద వాననీరు ఎక్కడ నిలుస్తోంది, తూములు మూసుకుపోయాయా, చూరు నీళ్లు గోడ మొదట్లోనే పడుతున్నాయా చూడండి. తరువాత నేల మట్టం. ఏళ్ల తరబడి ఆవరణలో మట్టి పోసి పోసి, సిమెంటు పరిచి పరిచి, బయటి నేల లోపలి నేల కంటే ఎత్తు అయిపోయి ఉంటుంది. నేను చూసిన చెమ్మ కేసుల్లో ఎక్కువ భాగం ఇదే. గోడ పక్కన ఆ మట్టిని తీసి, నీరు బయటికి పోయేలా వాలు ఇస్తే ఒక వేసవికే సగం చెమ్మ తగ్గుతుంది. పైసా పూత లేకుండా.

గోడ పగుళ్లలో రావి మొక్క ఉంటే పీకకండి. వేరు గోడ లోపల ఎంత దూరం పాకిందో మీకు తెలియదు, పీకితే గోడ వస్తుంది. కోసి, మోడు ఎండిపోయేలా మందు వేసి, చచ్చిన తరువాతే వేరును జాగ్రత్తగా తీసి సున్నంతో నింపాలి.

అప్పుడు పూత. చల్లార్చిన సున్నాన్ని కనీసం కొన్ని వారాలు నీటిలో నానబెట్టనివ్వండి. ఎంత మగ్గితే అంత మంచిది. గానుగ ఉంటే గానుగలో, లేకపోతే రోలర్ మిక్సరులో ఇసుకతో కలిపి బాగా నూరించాలి. కరక్కాయ, బెల్లం నానిన నీళ్లు కలపడం మన మేస్త్రీల అలవాటు. మంచిదే, కానీ ఎక్కువైతే చీమలు పడతాయి, కొలత తెలిసిన మనిషి ఉండాలి. పలచటి పొరలుగా వేయాలి, ఒక్కొక్క పొర ఆరడానికి సమయం ఇవ్వాలి, ఎండ తగలకుండా తడి గోనెలు కప్పాలి. సిమెంటు పనిలా వారంలో అయిపోదు. "పండుగ లోపల కావాలి" అనే కమిటీతో ఈ పని చేయవద్దని నేను ముందే చెప్పేస్తాను, రెండు మూడు పనులు ఆ మాట మీదే వదులుకున్నాను కూడా.

మొత్తం గోడ ఒకేసారి మొదలుపెట్టకండి. ఉత్తరం వైపు, ఎవరికీ కనిపించని చోట ఒక గజం మేర పూసి ఒక వానాకాలం వదిలేయండి. సున్నం పని తెలిసిన మేస్త్రీ దొరకడం లేదనే మాట ప్రతిచోటా వింటాను. మీ ఊళ్లోనే అరవై దాటిన తాపీ మేస్త్రీలను అడగండి. చిన్నప్పుడు గానుగ తిప్పినవాళ్లు ఒకరిద్దరు ఇంకా ఉంటారు. పూత వేయడానికి ఓపిక లేకపోయినా, కుర్రవాడి పక్కన కూర్చుని "ఇంకా నూరు" అని చెప్పగలిగితే చాలు.

మీ చర్చి కప్పు చదునా, కమానా అన్నది మీరు రాయలేదు. కమాను అయితే, పూత సంగతి పక్కన పెట్టి, ముందు ఒక పని చేయండి. బయటి గోడల పైభాగం నుంచి గుండు తాడు వేలాడదీసి, గోడ బయటికి ఒరిగిందేమో కొలిచి రాయండి. కప్పు నడినెత్తిన పొడవునా పగులు ఉంటే దాని ఫోటో, పక్కన ఒక రూపాయి బిళ్ల పెట్టి తీసి పంపండి. అది చూశాక మిగతాది చెబుతాను.